యల్లాప్రగడ వారింటి గ్రహణి

బిలాస్‌పూర్‌లో అర్పా నది దాటి సీపత్ రోడ్డు పట్టుకుంటే లింగియాడీహ్ వస్తుంది. అపోలో ఆస్పత్రి అక్కడే ఉంది కాబట్టి మందుల షాపులకు కొదవలేదు. ఏ షాపు కౌంటరు దగ్గర కాసేపు నిలబడ్డా మూడు మందులు చేతులు మారడం కనిపిస్తుంది. ఒకటి ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఆ జబ్బున్నవాళ్ళు ఈ చిన్న మాత్రను రోజూ వేసుకోవాలి. గర్భిణులకు ఇక్కడి మితానిన్‌లు, అంటే మన ఆశా కార్యకర్తల్లాంటి వాళ్ళు, పంచే ఎర్రమాత్రలో ఐరన్‌తో పాటు ఉండేదీ ఇదే. రెండోది డాక్సీసైక్లిన్. జ్వరానికీ, మొటిమలకీ, అడిగినవాడికీ అడగనివాడికీ దొరికే యాంటీబయాటిక్. మూడోది ప్రోబయాటిక్ సాచెట్. యాంటీబయాటిక్ చీటీలోనే కింద దీన్నీ రాస్తారు, ‘ఆ మందు కడుపులో మంచి బాక్టీరియాని కూడా చంపుతుంది, ఇది వేసుకో’ అని.

ఈ మూడూ ఒకే కథలోవి. పేగుల్లోని బాక్టీరియాతో మనిషి ఎలా పరిచయం పెంచుకున్నాడు అనే కథ అది. మామూలుగా దాన్ని పారిస్‌లో మొదలుపెట్టి అమెరికా విశ్వవిద్యాలయాల్లో ముగిస్తారు. రాజమండ్రిలో మొదలుపెట్టినా నడుస్తుంది. నా లెక్కన ఇంకా బాగా నడుస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇక్కడి తెలుగువాళ్ళకు కొత్తేం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఎవర్ని కదిపినా ‘టెట్రాసైక్లిన్ కనిపెట్టిన మన తెలుగాయన’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కలో సగమే నిజం. మిగతా సగం కోసం ఆయన ఇంట్లో జరిగిన చావుల దగ్గరికి వెళ్ళాలి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. చదువు రాజమండ్రిలో. ఇంట్లో వరసగా కష్టాలు రావడంతో మెట్రిక్ మూడో ప్రయత్నానికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం వచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే ఒక మెట్టు కిందిదైన ఎల్.ఎం.ఎస్. ఆ కాలంలోనే అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో పోయారు. ఇద్దర్నీ తీసుకుపోయింది ఒకే జబ్బు. ఇంగ్లీషు వైద్యులు దాన్ని స్ప్రూ అనేవారు. మన వైద్యంలో గ్రహణి అని చెప్పే లక్షణాలకు దగ్గరగా ఉంటుంది.

స్ప్రూ కలరాలాగా ఒక్క రాత్రిలో చంపే జబ్బు కాదు. నెలల తరబడి విరేచనాలు. పాలిపోయిన రంగులో, నురగతో, జిడ్డుగా, భరించలేని వాసనతో. తిన్న కొవ్వు తిన్నట్టే బయటికి వచ్చేస్తుంది. నాలుక ఎర్రగా పూసి, నున్నగా అరిగిపోయి, ఉప్పూ కారం తగిలితే మండిపోతుంది. కాబట్టి రోగి తినడం మానేస్తాడు. ఒంట్లో రక్తం ఇంకిపోతుంది. ఎదురుగా అన్నం ఉండి కూడా మనిషి కరువులో చిక్కినట్టు చిక్కిపోతాడు. సుబ్బారావునీ ఇదే పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బట్టకట్టారు. ఆ తరవాత కొన్నాళ్ళు మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు.

1922 అక్టోబరులో మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయంతో బోస్టన్ చేరారు. చేరిన చదువు హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధులు. ఎన్నో కోర్సులుండగా అదే ఎందుకు అని అడగనక్కర్లేదనుకుంటాను. పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశారు. తరవాత జీవరసాయన శాస్త్రంలోకి మళ్ళి, సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి (1925), కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. ఇవి ఒక్కొక్కటీ వేరే వ్యాసానికి సరిపడా సంగతులు, ఇక్కడ వదిలేస్తున్నాను. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు.

అప్పటికి పేగు బాక్టీరియా గురించి లోకానికి తెలిసిందెంత? 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పసిబిడ్డల మలంలో ఒక బాక్టీరియాని గుర్తించాడు. ఇవాళ మనం ఈ-కోలి అంటున్నది దాన్నే, అందులో ‘ఈ’ ఆయన పేరే. పారిస్ పాశ్చర్ సంస్థలో ఇల్యా మెచ్నికాఫ్ పెద్దపేగుని ఓ పనికిమాలిన అవయవంగా చూశాడు. అక్కడ కుళ్ళే పదార్థాల వల్లే ముసలితనం వస్తుందనీ, పులిసిన పాలు తాగితే ఆ కుళ్ళు ఆగుతుందనీ 1907లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది నోబెల్ వచ్చింది గానీ దీనికి కాదు, రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. లండన్‌లో ఆర్బుత్‌నాట్ లేన్ అనే పేరున్న సర్జను ఇంకో అడుగు ముందుకేసి, మలబద్ధకమంటూ వచ్చినవాళ్ళకి ఏకంగా పెద్దపేగే కోసి తీసేశాడు. 1917లో ఆల్‌ఫ్రెడ్ నిస్లే మాత్రం ఎదురు ప్రశ్న వేశాడు. తోటి సైనికులంతా విరేచనాలతో పడిపోతే ఈ ఒక్కడికి ఎందుకు రాలేదు? ఆ సైనికుడి మలం నుంచి తీసిన ఈ-కోలి రకాన్ని మందుగా అమ్మారు, ఐరోపాలో ఇప్పటికీ అమ్ముతున్నారు. అయినా మొత్తం మీద వైద్యుల దృష్టిలో పేగు బాక్టీరియా అయితే శత్రువు, కాకపోతే చెత్త.

అవి మనకి అన్నం పెడుతున్నాయన్న సంగతి బాక్టీరియా శాస్త్రవేత్తల వల్ల కాక, విటమిన్ల వేటగాళ్ళ వల్ల బయటపడింది. అదీ వాళ్ళు వెతకని చోట.

ఆ వేటకి మన దేశమే నాంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల కార్మిక కుటుంబాల్లో గర్భిణులు ఒక రకం రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ళ ఎర్రకణాలు తక్కువగా, మామూలు కన్నా పెద్దగా ఉండేవి. ఐరన్ ఇస్తే ఫలితం లేదు. ఆమె వాళ్ళ తిండి ఏమిటో రాసుకుంది, ఎలుకల మీదా కోతుల మీదా అదే తిండి పెట్టి చూసింది. కొంత పని కూనూరులో జరిగింది. ఆ కూనూరు పోషకాహార ప్రయోగశాలే 1958లో హైదరాబాదు తరలి వచ్చి, తరవాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఆ గేటు ముందు నుంచి వెళ్ళే మనవాళ్ళకి ఈ చుట్టరికం తెలియదు. చివరికి రొట్టెకి రాసుకు తినే మార్మైట్ అనే చవక ఈస్టు ముద్ద పెడితే ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆ ఫలితం అచ్చయింది. ఈస్టులోనూ కాలేయంలోనూ ఏదో ఉంది. ఏమిటది?

దొరకడానికి పదేళ్ళ పైన పట్టింది. కారణం, అది ఎంత తక్కువ ఉంటుందంటే తూచడం కుదరదు. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూరలోంచి కాసింత తీసి, ఆకులోంచి వచ్చింది కదా అని ఫోలిక్ యాసిడ్ అన్నారు. ఆ వడపోతలో ఏ భాగంలో అసలు సరుకుందో ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ రక్తం లేని కోతిని పెంచలేరు గదా. ఇక్కడే బాక్టీరియా అక్కరకొచ్చింది. పాలని పులియబెట్టే జాతిలోని లాక్టోబాసిల్లస్ కేసీ అనే దానికి ఫోలిక్ యాసిడ్ సొంతంగా చేసుకోవడం చేతకాదు. బయటి నుంచి అందితేనే పెరుగుతుంది.

ఆ పరీక్షని ఒకసారి దగ్గరగా చూడాలి, ఎందుకంటే మొత్తం వేట దాని మీదే నడిచింది. వరసగా గాజు గొట్టాలు. అన్నిట్లోనూ అన్ని పోషకాలూ కలిపిన తేటనీళ్ళు, ఒక్క ఫోలిక్ యాసిడ్ తప్ప. వెతుకుతున్న సారాన్ని ఒక్కో గొట్టంలో ఒక్కో మోతాదు వేసి, ప్రతి దాంట్లో ఒక్క చుక్క బాక్టీరియా వదిలి, మనిషి ఒంటి వెచ్చదనంలో ఉంచుతారు. తీసి చూస్తే కొన్ని గొట్టాలు తేటగానే ఉంటాయి, కొన్ని మసకబారతాయి, కొన్ని చిక్కగా తెల్లబడతాయి. ఎంత చిక్కనైతే అంత విటమిన్. లేదంటే పుట్టిన ఆమ్లాన్ని క్షారంతో కొలుస్తారు. ఏ రసాయన త్రాసుకీ అందని మోతాదు ఈ సూక్ష్మజీవి ఆకలికి అందింది.

సరిగ్గా అదే కాలంలో ఎలుకల బోనుల్లోంచి ఇంకో చిక్కుముడి బయటపడింది. 1941లో విస్కాన్సిన్‌లో ఎల్వెహెమ్ బృందం, పేగుల్లోనే ఉండిపోయే సల్ఫా మందుని ఎలుకల మేతలో కలిపి చూసింది. అంతవరకూ అదే మేతతో హాయిగా పెరిగిన ఎలుకలు పెరగడం మానేశాయి. మేతలో లోపం లేదు, మందు ఎలుకకి విషమూ కాదు. కాలేయ సారం కలిపితే మళ్ళీ పెరిగాయి. ఆ ఎలుకలకి ఫోలిక్ యాసిడ్ లాంటివి మేతలోంచి రావడం లేదు, పేగుల్లోని బాక్టీరియా చేసి పెడుతున్నాయి. సల్ఫా ఆ వంటవాళ్ళని చంపింది. తరవాత తేలిందేమిటంటే, సల్ఫా మందు బాక్టీరియాని చంపే దారి కూడా ఇదే. అవి ఫోలిక్ యాసిడ్ చేసుకునే పనికి అడ్డుపడుతుంది. మనం దాన్ని తిండిలోంచి తీసుకుంటాం కాబట్టి మనకేమీ కాదు.

నా ఉద్దేశంలో పేగు బాక్టీరియా చరిత్రలో అసలు మలుపు ఈ ఎలుకలే. పేగుల్లో ఉన్నవి బత్తెం తిని ఊరుకునేవి కావనీ, తిరిగి పెడతాయనీ మొదటిసారి లెక్కతో సహా తెలిసింది. కానీ ఎవరూ ఆ సంగతి దగ్గర ఆగలేదు. అందరి కళ్ళూ విటమిన్ మీదే ఉన్నాయి. బాక్టీరియా కేవలం పనిముట్టు.

పెరల్ రివర్‌లో సుబ్బారావు పరిశోధనలకి పెద్ద అయ్యాక ఈ వేటకి జనాన్నీ డబ్బునీ కుమ్మరించారు. స్టోక్‌స్టాడ్, హచింగ్స్ లాంటి వాళ్ళు ఒకవైపు కాలేయం నుంచి, మరోవైపు బాక్టీరియాని పులియబెట్టిన ద్రవం నుంచి శుద్ధమైన స్ఫటికాలు తీశారు. 1945 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో, ఆ పదార్థాన్ని ప్రయోగశాలలోనే తయారు చేశామని ప్రకటన వచ్చింది. 16 మంది పేర్లున్నాయి, మధ్యలో ఎక్కడో సుబ్బారావు పేరు. తన పేరు ముందు పెట్టుకోవడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. ఆయనంటే మనకింత గౌరవం ఉండీ ఆయన చేసిందేమిటో సరిగా తెలియకపోవడానికి అది కూడా ఒక కారణం.

మాత్ర మొదట వెళ్ళిన చోట్లలో స్ప్రూ రోగుల మంచాలున్నాయి. టామ్ స్పీస్ అనే డాక్టరు క్యూబాలోని రోగులకి ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే రక్తంలో కొత్త కణాలు పుట్టుకొచ్చాయి. నాలుక పూత తగ్గింది. ఆకలి పుట్టింది. ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన జబ్బుకి, మిగిలిన అన్నదమ్ముడు నడిపించిన ప్రయోగశాల నుంచి మందు వెళ్ళింది. నవలలో రాస్తే అతిగా ఉందంటారు.

అదే బృందం ఫోలిక్ యాసిడ్‌కి నకళ్ళు కూడా చేసింది. కణం అసలుదనుకుని మింగి మోసపోతుంది. ఆ నకలు అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఇచ్చి 1948లో ప్రకటించాడు. పదహారు మందిలో పది మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కి మందుల వైద్యం మొదలైన తొలి మెట్లలో అదొకటి. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్ళవాతానికి లింగియాడీహ్‌లోనూ దొరుకుతుంది.

అయితే స్ప్రూ లెక్క తేలిందా? సగమే. రక్తం పుంజుకుంది, నాలుక మానింది, కానీ చాలా మందిలో పేగు పూర్తిగా కోలుకోలేదు. విటమిన్ లోపం జబ్బులో ఒక మెలిక మాత్రమే, మూలం కాదు. మూలంలో ఉన్నదేమిటో చూపిన మందు కూడా పెరల్ రివర్ నుంచే వచ్చింది.

బెంజమిన్ డగ్గర్ వృక్షశాస్త్రం ప్రొఫెసరు. విస్కాన్సిన్‌లో రిటైరయ్యాక, డెబ్బై దాటిన వయసులో సుబ్బారావు కొలువులో చేరాడు. ఊరూరి నుంచీ మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని పెంచడం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్ళ సాన్‌బార్న్ పొలంలోని మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిన మందుకి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ వంశానికి, అంటే మన డాక్సీసైక్లిన్‌కి కూడా, అదే మూలపురుషుడు. కనిపెట్టింది డగ్గర్. ఆ వెతుకులాటని నిలబెట్టింది, నడిపింది సుబ్బారావు. ‘సగమే నిజం’ అన్నది ఇందుకే. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు యాభై మూడు.

ఆ వంశపు మందుని స్ప్రూ రోగులకి నెలల తరబడి ఇచ్చి చూసినవాళ్ళకి అసలు సంగతి తెలిసింది. చిన్నపేగు గోడ మళ్ళీ మామూలుగా మొలిచింది. అంటే అక్కడ ఉండకూడని బాక్టీరియా ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో పొట్టలోని ఆమ్లం, పేగు కదలిక కలిసి చిన్నపేగు పైభాగాన్ని దాదాపు ఖాళీగా ఉంచుతాయి. సూక్ష్మజీవుల జనసందోహమంతా పెద్దపేగులో. స్ప్రూలో ఆ గుంపు పైకెక్కి కాపురం పెడుతుంది. పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ఆహారం ఇంకదు, ఫోలిక్ యాసిడ్ అందదు. పేగు పొర కణాలు కొద్ది రోజులకోసారి మారిపోతూ ఉండాలి, అలా కొత్తవి పుట్టాలంటే ఫోలిక్ యాసిడే కావాలి. కాబట్టి మరమ్మతు ఆగుతుంది, ఇంకడం మరీ తగ్గుతుంది. ఇవాళ్టికీ చికిత్స ఈ రెండే, ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. రెండూ ఒకే ప్రయోగశాల పిల్లలు.

1960లలో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో స్ప్రూ మహమ్మారిలా వచ్చింది. చిత్తూరు జిల్లాకి ఆనుకున్న ప్రాంతం అది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సెల్విన్ బేకర్, మాథన్ ఆ రోగుల పేగుల్ని పరిశీలించారు. పోలిక కోసం జబ్బు లేని పల్లెవాళ్ళవీ చూశారు. వాళ్ళకి ఎదురైన వింత ఏమిటంటే, ఆ ఆరోగ్యవంతుల చిన్నపేగు కూడా విదేశీ పుస్తకాల్లోలా లేదు. ముడతల మీద వేళ్ళలా నిలబడే సన్నని మొలకలు పొట్టిగా ఉన్నాయి, బాక్టీరియా ఎక్కువగా ఉంది. నీళ్ళు, మరుగుదొడ్డి సరిగా లేని చోట పెరిగిన మనిషి పేగే వేరుగా తయారవుతుందన్నమాట. కథ చివర్లో ఇది మళ్ళీ పనికొస్తుంది.

ఈలోగా లెడర్లీలో జరిగిన ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలే పిప్పిలో విటమిన్ బి12 ఉంటుందని స్టోక్‌స్టాడ్, థామస్ జూక్స్ దాన్ని కోడిపిల్లలకి మేతగా పెట్టారు. ఆ ఫోలిక్ యాసిడ్ స్టోక్‌స్టాడే. పిల్లలు బి12 లెక్కకి మించి పెరిగాయి. పిప్పిలో మిగిలిన కాస్త యాంటీబయాటిక్ పని అది. 1950లో వార్త పొక్కగానే ప్రపంచమంతా కోళ్ళకీ పందులకీ యాంటీబయాటిక్ మేత మొదలైంది. సూక్ష్మజీవులే లేని గదుల్లో పెంచిన కోడిపిల్లలకి అదే మందు పెడితే బరువు పెరగలేదని తరవాత చూపించారు. అంటే మందు పనిచేస్తున్నది కోడి మీద కాదు, కోడి పేగులోని బాక్టీరియా మీద. ఇంత పెద్ద రహస్యం చేతికొస్తే దాంతో వ్యాపారం చేశారు, మందులకి లొంగని బాక్టీరియాని మనకి మిగిల్చారు. ఐరోపా ఈ మేతని 2006లో పూర్తిగా ఆపింది. మన దేశం చివరి అస్త్రమైన కొలిస్టిన్‌ని కోళ్ళకి పెట్టకూడదని నిషేధించింది 2019లో. కోళ్ళ ఫారాలకి పెట్టింది పేరైన మన రాష్ట్రాలు ఈ కథలో బయటివాళ్ళమని అనుకోలేవు.

యాంటీబయాటిక్‌లు మనిషి పేగుని ఖాళీ చేస్తే ఏమవుతుందో కూడా ఆ రోజుల్లోనే కనబడింది. 1958లో డెన్వర్‌లో బెన్ ఐజ్‌మన్ అనే సర్జను, యాంటీబయాటిక్‌ల తరవాత ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకున్న నలుగురికి ఆరోగ్యవంతుల మలాన్ని ఎనీమాగా ఎక్కించాడు. నలుగురూ బతికారు. ఎవరూ పట్టించుకోలేదు, అసహ్యం ఒక కారణం. నెదర్లాండ్స్‌లో పద్ధతి ప్రకారం చేసిన పరీక్ష ఫలితాలు 2013లో గానీ రాలేదు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియాతో పదే పదే విరేచనాలయ్యే 16 మందిలో 13 మందికి ఒక్కసారికే నయమైంది, మరో ఇద్దరికి రెండోసారికి. మామూలు మందు వాడినవాళ్ళలో నయమైంది మూడో వంతుకి లోపే. పరీక్షని మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు అమెరికాలో అదే వైద్యం శుద్ధి చేసిన మాత్రల రూపంలో అనుమతి పొందింది.

ఒంట్లో మన కణాలకి పదింతలు బాక్టీరియా ఉందని ప్రతి ఉపన్యాసంలో వింటూ ఉంటాం. 2016లో ఇజ్రాయెల్ వాళ్ళు కూర్చుని లెక్క వేస్తే బాక్టీరియా 38 లక్షల కోట్లు, మన కణాలు 30 లక్షల కోట్లు అని తేలింది. దాదాపు సరిసమానం. బరువు పావు కిలోకి లోపే. పదింతల మాట 1970లలో ఎవరో ఉజ్జాయింపుగా అన్నది, ఎవరూ సరిచూడకుండా నలభై ఏళ్ళు నడిచింది. ఈ రంగంలో అలాంటి మాటలు చాలా ఉన్నాయి.

హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో సిసింటి శివాజీ బృందం 2018లో యూవియైటిస్ అనే కంటి వాపు ఉన్నవాళ్ళ పేగు బాక్టీరియా, లేనివాళ్ళదీ వేర్వేరుగా ఉన్నాయని చూపింది. అంటార్కిటికా మంచులో బాక్టీరియా వెతికిన శాస్త్రవేత్త ఆయన. గొప్ప పనే. అయితే తేడా ఉండటం వేరు, ఆ తేడావల్లే కంటి జబ్బు రావడం వేరు. పత్రికల శీర్షికల్లో ఈ రెండూ ఒకటైపోతాయి.

మరి ఆ ప్రోబయాటిక్ సాచెట్ సంగతి? దీనికి దొరికే గట్టి ఉదాహరణ పక్క రాష్ట్రానిదే. పినాకి పాణిగ్రాహి బృందం ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసికందుల మీద పరీక్ష జరిపింది. పుట్టిన కొద్ది రోజుల్లోనే మొదలుపెట్టి వారం పాటు, లాక్టోబాసిల్లస్ ప్లాంటారంలో ఎంచి తీసిన ఒక రకాన్నీ, దానికి మేతగా ఒక చక్కెరనీ కలిపి నోట్లో వేశారు. అరవై రోజులు కనిపెట్టి ఉన్నారు. రక్తం విషమెక్కడం, చావు, ఈ రెండూ కలిపి మామూలు పిల్లల్లో నూటికి 9, మందు వేసిన పిల్లల్లో నూటికి 5.4. నలభై శాతం తగ్గుదల. 2017లో ‘నేచర్’లో వచ్చింది. ఇది తల్లిపాలు తాగే, మరీ తక్కువ బరువు లేని పిల్లల్లో, ఆ ఒక్క రకంతో వచ్చిన ఫలితం. ఎన్నో రకాలని వడపోసి దాన్ని పట్టారు. షాపులో అడిగితే ‘ఏదైనా ఒకటే సార్’ అంటాడు. కాదు.

తరవాణి గురించి కూడా అడుగుతారు. రైల్వే క్వార్టర్లలో ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఇంకా కొందరి దగ్గర ఆ కుండ ఉంది. అన్నం వార్చిన గంజి రోజూ అందులో పడుతుంది. అడుగున పాతది కాస్త మిగిల్చే ఉంచుతారు. మూత తీస్తే పుల్లటి వాసన, అంచు వెంబడి చిన్న బుడగలు. కడగబోయిన మనవడికి ఒక అవ్వ చెప్పిన మాట: ‘ఆ నీళ్ళు పారబోయకురా బాబూ, రేపటి కుండ దాంతోనే పులుస్తాది.’ ఛత్తీస్‌గఢ్ వాళ్ళు రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తినే బోరే-బాసీ కూడా ఆ కోవలోదే. 2022లో ఇక్కడి ప్రభుత్వం మే డే నాడు మంత్రులూ అధికార్లూ అందరూ బాసీ తినాలని పిలుపునిచ్చింది, ఉల్లిపాయ నంజుకుంటూ ఫొటోలు దిగారు. వేసవిలో చల్లగా, చవగ్గా, రుచిగా ఉంటుంది. అందులో లాక్టిక్ బాక్టీరియా ఉంటుంది. అంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు. చద్దన్నంలో ఐరన్ ఇన్ని రెట్లు పెరుగుతుందనే వాట్సాప్ లెక్కల జోలికి నేను వెళ్ళను. నీళ్ళు మంచివి కాకపోతే కుండలో పులిసేది మంచి బాక్టీరియా ఒక్కటే కాదు.

వెల్లూరు డాక్టర్లు చూసిన పొట్టి మొలకల పేగు దగ్గరికి ఇప్పుడు మళ్ళీ రావాలి. అలాంటి పేగున్న పిల్లలకి ఎంత తిండి పెట్టినా ఒంటబట్టదు. అమెరికాలో జెఫ్రీ గోర్డన్ బృందం, ఢాకాలో తహమీద్ అహ్మద్ బృందం కలిసి పోషకలోపం ఉన్న పిల్లల మలాన్ని పరీక్షిస్తే, వాళ్ళ పేగు బాక్టీరియా వయసుకి తగ్గట్టు ఎదగలేదని తేలింది. ఏడాదిన్నర పిల్లాడి పేగులో ఇంకా చంటివాడి బాక్టీరియానే ఉంది. దాన్ని ఎదిగించే తిండి ఏది? స్థానికంగా దొరికే పదార్థాలని ఒక్కొక్కటిగా బాక్టీరియాకి పెట్టి పరీక్షించారు. నిలిచినవి నాలుగు. శనగపిండి, సోయాపిండి, వేరుశనగ పిండి, పచ్చి అరటికాయ. ఢాకా మీర్‌పూర్ మురికివాడలో 12 నుంచి 18 నెలల పిల్లలకి దాన్ని పెట్టి, ఇప్పటికే వాడుకలో ఉన్న పోషకాహారపు పొట్లంతో పోల్చారు. కొత్త మిశ్రమంలో కేలరీలు తక్కువ. అయినా బరువు పెరిగిన వేగం దాంతోనే ఎక్కువ. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి.

ఛత్తీస్‌గఢ్ అంగన్వాడీల్లో పిల్లలకిచ్చే రెడీ-టు-ఈట్ పొట్లంలో గోధుమతో పాటు శనగ, సోయా, వేరుశనగ ఉంటాయి. పచ్చి అరటికాయ ఉండదు. బిలాస్‌పూర్ సంతలో మాత్రం గెలలకి గెలలు దొరుకుతుంది.